మా అక్కగారి సీమకుడుము

అరోచకమనే మాట నాకు గ్రంథాల్లో చిరపరిచితం. నాలుకకు రుచి తెలియకపోవడం, అన్నం చూస్తే మొహం తిప్పుకోవడం దాని లక్షణాలని తరగతిలో ఎన్నోసార్లు వివరించాను. ఆ మాట ఒకనాడు పుస్తకంలోంచి దిగివచ్చి మా ఇంట్లోనే మంచమెక్కుతుందని మాత్రం అనుకోలేదు.

కిందటి వానాకాలంలో మా అక్కగారికి జ్వరం వచ్చింది. ఆవిడ నాకంటే చాలా పెద్ద. నా చేత ఓనమాలు దిద్దించింది ఆవిడే, నా పెళ్ళిచూపులకు ముందు నడిచిందీ ఆవిడే. భర్త పోయిన నాటినుంచి మాతోనే, యానాం అగ్రహారంలోని ఈ ఇంట్లోనే ఉంటున్నారు. వంటింటి వ్యవహారాల్లో ఆవిడ మాట మాకు శాసనం. మడి కట్టుకుని వండడం, దేవుడికి నివేదన కానిదే మెతుకు ముట్టకపోవడం, పై ఇళ్ళ వంట తినకపోవడం ఆవిడ నేటికీ సడలించని నియమాలు. అటువంటి మనిషి దగ్గరికి జ్వరం వచ్చి, వెళ్తూ వెళ్తూ నాలుకను వెంటబెట్టుకు పోయింది.

"మట్టి నమిలినట్టుందిరా" అని రెండు ముద్దలకే కంచం పక్కకు నెట్టేవారు. గోడ వైపు తిరిగి పడుకునేవారు.

మా ఇల్లాలు చేయని ప్రయత్నం లేదు. జ్వరం తగ్గినవారికి పులుపు పడదు, కారం పడదు అన్నది మా ఇళ్ళలో తరతరాల పథ్యం. కాబట్టి చింతపండు డబ్బా అటక మీదికి ఎక్కింది. బియ్యపు రవ్వ జావ, పెసరకట్టు, వాము వేసి పులుపు మానేసిన చారు, ఉప్పు మాత్రమే తగిలించిన బీరకాయ కూర వరుసగా మంచం దాకా వెళ్ళి, వరుసగా తిరిగి వచ్చేవి. మిగిలినవన్నీ నేను తినవలసి వచ్చేది. జ్వరం ఆవిడకు వచ్చింది, పథ్యం నాకు వచ్చింది.

వైద్యుడు మా ఊరివాడే. ఒకప్పుడు నా దగ్గర పద్యాలు అప్పజెప్పినవాడు. నాడి చూశాడు, రక్తం పరీక్ష చేయించాడు, చివరికి నన్ను వీధి అరుగు మీదికి పిలిచి నెమ్మదిగా చెప్పాడు.

"జబ్బేమీ లేదు మాస్టారూ. తిండే లోపం. మనిషి బాగా నీరసించిపోయారు. శుక్రవారం సాయంత్రం మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే కాకినాడ తీసికెళ్ళి చేర్పించాలి. ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపిస్తారు."

ఆ నెమ్మది మాట కిటికీలోంచి లోపలికి వెళ్ళింది. అక్కగారి కంఠం బయటికి వచ్చింది.

"ముక్కులోంచా? ఆ గొట్టంలో పోసేది ఎవరు వండారో, ఏం వండారో ఎవడు చూడొచ్చాడు? అంతకంటే నన్ను గోదాట్లో దింపి రండి, హాయిగా ఉంటుంది."

మాట నవ్వు పుట్టించేదే గాని మేము నవ్వలేదు. ఆవిడను అంబులెన్సు ఎక్కించే దృశ్యం నాకు ఆ రాత్రంతా కళ్ళముందు కదిలింది.

మర్నాడు పక్కింటామె వచ్చింది. ఆమె పుట్టిల్లు దరియాలతిప్ప. చేపల వేటకు వెళ్ళే కుటుంబం, క్రైస్తవులు. పడుచుతనంలో నీలగిరి కొండల మీద ఒక బోర్డింగు బడి వంటశాలలో పనికి కుదిరింది. ఆ బడిని నడిపినావిడ స్వాతంత్ర్యం వచ్చినా స్వదేశం వెళ్ళక ఇక్కడే ఉండిపోయిన ముసలి ఇంగ్లీషు దొరసాని. ఆవిడ పోయేదాకా ఆమె అక్కడే చేసింది, తరువాత ఊరు చేరింది. ఫ్రెంచివారు ఏలిన మా ఊళ్ళో ఇంగ్లీషు వంట తెలిసిన మనిషి బహుశా ఆమె ఒక్కతే. మా అక్కగారి మంచం పక్క కిటికీ సరిగ్గా ఆమె అరుగు వైపు తెరుచుకుంటుంది.

ఆ రోజు ఆమె చేతిలో మూతపెట్టిన పింగాణీ గిన్నె ఉంది. కిటికీ ముందే ఆగింది.

"ఏమ్మా, ఆ గిన్నెలో ఏమిటి?" అన్నారు అక్కగారు.

"కస్టర్డండి అమ్మగారూ. జొరం తగ్గినోళ్ళకి మా దొరసానిగారు ఇదే పెట్టించేవోరు. కానండి ఇందులో గుడ్డుంది. మీకు పనికిరాదు."

"పనికిరానిది ఎందుకు మోసుకొచ్చావు మరి?"

"సూపించడానికండి. కళ్ళతో తింటే మైల అంటదు కదండీ!"

అక్కగారు కిలకిల నవ్వారు. జ్వరం వచ్చిన తరువాత ఆ నవ్వు వినడం అదే మొదలు. లోపల పెసరకట్టు కాస్తున్న మా ఇల్లాలు గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

అప్పటినుంచి ఆ కిటికీ దగ్గర ప్రతిపూటా ఒక పాకశాస్త్ర సభ జరిగేది. పక్కింటామె చేటలో బియ్యమో చిక్కుడుకాయలో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఆ దొరల సీమ వంటలు వర్ణించేది. అక్కగారు పడుకునే పూర్వపక్షం చేసేవారు. నేను చాలా సభలకు వెళ్ళాను. ఇంత నిశితమైన ఖండన విన్న జ్ఞాపకం లేదు.

"బియ్యంతో కూడా చేత్తారండి. పాలల్లో బియ్యం పోసి, పంచదారేసి, బట్టీలో పెట్టేత్తారు. నెమ్మదిగా ఉడికి పైన ఎర్రటి మీగడ తోలు కడద్ది. ఆ తోలు కోసం పిల్లలు కొట్టేసుకునేవోరు."

"యాలకులో?"

"జాజికాయ గీత్తారండి."

"నేతిలో వేయించిన జీడిపప్పు?"

"ఎయ్యరండి."

"అయితే అది పరమాన్నానికి మైల వచ్చినట్టుంది" అని తీర్పు చెప్పారు అక్కగారు.

మరొక పూట, మిగిలిన రొట్టెముక్కలకు వెన్న రాసి, నడుమ ఎండుద్రాక్ష చల్లి, పాలలో నానబెట్టి కాల్చే పద్ధతి వర్ణనకు వచ్చింది. "చద్దిరొట్టెకి రెండో పెళ్ళి చేశారన్నమాట" అన్నారు అక్కగారు. కాని ఆ వంటను ఆవిడ మెచ్చుకున్నారు. మిగిలిన ఇడ్లీని పొడిచేసి ఉప్మా చేసుకునే ఇంటివారికి మిగిలిన రొట్టెను వృథా చేయని ఇంటివారి మీద గౌరవం కలగడం సహజం. పుల్లటి పండ్ల ముక్కల మీద, పిండీ వెన్నా వేళ్ళకొసలతో పొడిపొడిగా నలిపి చల్లి కాల్చే వంటకం విని, "మన మామిడికాయతో చేస్తే బాగుంటుందే" అన్నారు కూడా.

చిక్కల్లా క్యాబేజీ దగ్గర వచ్చింది.

"నీళ్ళల్లో మెత్తగా ఉడకేసి, వార్చేసి, ఉప్పేసి పెట్టేత్తారండి. అంతేనండి."

"తాలింపు?"

"ఆళ్ళకి తాలింపు తెలవదండి."

అక్కగారు ఆవాలు చిటపటలాడని ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఊహించుకుంటున్నట్టుగా పైకప్పు చూశారు. తరువాత నా వైపు తిరిగారు.

"ఒరేయ్, తాలింపు కూడా తెలియనివాళ్ళట్రా ఇన్నేళ్ళు దేశాన్ని ఏలారు?"

"మనల్ని కాదు కదా అక్కా. యానాన్ని ఏలింది ఫ్రెంచివాళ్ళు."

"అవును కదూ! అవతల నీలపల్లి వాళ్ళనీ, కాకినాడ వాళ్ళనీ కదూ ఈ ఇంగ్లీషువాళ్ళు ఏలింది. పాపం, వాళ్ళెలా భరించారో" అని స్థిమితపడ్డారు.

ఇంత సరదాగా ఉండి కూడా ఆవిడ తినేది మాత్రం రెండు ముద్దలే. కంఠంలో ఓపిక వచ్చింది గాని చేతి బంగారు గాజులు మోచేతిదాకా జారుతూనే ఉన్నాయి. బుధవారం మధ్యాహ్నం మా ఇల్లాలు నన్ను పెరట్లోకి పిలిచి కళ్ళొత్తుకుంది.

"వదినగారికి కబుర్లతో కడుపు నిండిపోతోందండీ. ఎల్లుండే శుక్రవారం. నిన్న జావ గ్లాసు పట్టుకోడానికి కూడా చెయ్యి వణికింది. నాకేమీ పాలుపోవడం లేదు."

నాకు మాత్రం ఏం పాలుపోతుంది? భోజన విధుల మీద ఎన్నో శ్లోకాలు వచ్చును. ఒక మనిషి చేత ఒక ముద్ద తినిపించే శ్లోకం ఒక్కటీ రాదు.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. పక్కింటామె గొడుగు వేసుకుని మా కిటికీ చూరు కిందికే వచ్చి నిలబడి, వానరోజుల్లో ఆ కొండ మీద బడిలో చేసే ఒక వంటకం సంగతి ఎత్తుకుంది.

"గుడ్డముక్క వేణ్ణీళ్ళల్లో ముంచి పిండేసి, దాని మీద పొడిపిండి జల్లుతామండి. అందులో ఈ కలిపిన ముద్ద పోసి, మూట కట్టేసి, మరుగుతున్న నీళ్ళల్లో వేలాడదీత్తాం. పూటంతా ఉడుకుద్దండి. ఇప్పితే గుండ్రంగా, మెత్తగా, లోపల ఎండుద్రాక్షలు మచ్చలుమచ్చలుగా..."

అక్కగారు దిండు పట్టుకుని లేచి కూర్చున్నారు.

"ఆగాగు. తడిగుడ్డలోనా?"

"అవునండి."

"ఆవిరికా?"

"ఆవిరికీ పెట్టుకోవచ్చండి."

"అది వాసెనే! ఒరేయ్ తమ్ముడూ, అమ్మ వాసెన మీద కుడుము వేసేది, గుర్తుందా నీకు?"

గుర్తు లేకేం? నీళ్ళు సగం పోసిన వెడల్పు గిన్నె మూతికి తడిగుడ్డ బిగించి కడితే దాన్ని వాసెన అంటారు. దాని మీద మినపపిండి పోసి మూతపెట్టి ఉడికిస్తే దూదిలాంటి కుడుము వస్తుంది. ఇడ్లీరేకులు వచ్చాక ఆ పని మా ఇంట్లోనే కాదు, చుట్టుపక్కల కూడా తగ్గిపోయింది.

"తాలింపు తెలియని దొరసానికి వాసెన ఎవరు నేర్పారే?" అంటూ ఆశ్చర్యపోయి, ఆ ఊపులోనే, "ఇది నేను చేస్తాను. రేపు" అని ప్రకటించారు.

నేనూ మా ఇల్లాలూ మొహాలు చూసుకున్నాం. గ్లాసు పట్టుకోలేని మనిషి వంట చేస్తానంటున్నారు.

గురువారమంతా సంభారాలు సమకూర్చడంలోనే గడిచింది. పక్కింటామె కిటికీ అవతలినుంచి ఒక్కొక్కటే చెప్పింది. సీమలో ఈ వంటకంలో పడే కొవ్వు దగ్గరికి వచ్చేసరికి ఆగి, "ఆళ్ళేసేదాని ఊసు మనకొద్దండమ్మగారూ, మనం వెన్నేసుకుందాం" అంది. అక్కగారు వివేకవతి. అడగలేదు. గుడ్డుకు బదులు పెరుగు, చిటికెడు వంటసోడా. సీమ పంచదారకు బదులు బెల్లం. నారింజ తొక్కకు బదులు మా పెరటి దబ్బకాయ తొక్క. గోధుమపిండి, ఎండుద్రాక్ష, ఖర్జూరం, శొంఠి, జాజికాయ.

"సోడా ఏశాక మాత్రం ఆగకూడదండోయ్. ఎంటనే పొయ్యెక్కించెయ్యాల" అని చెప్పి ఆమె ప్రార్థనకు వెళ్ళిపోయింది.

అక్కగారు స్నానం చేసి, మడిచీర కట్టుకుని, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూర్చున్నారు. ఎన్ని రోజుల తరువాతో ఆ పీట మీద ఆవిడను చూశాం. వణికే చేతితోనే బెల్లం తురిమారు, పిండి కలిపారు, సోడా వేశారు. కలిపిన గిన్నె మీద మూత పెట్టి, "ఇక పొద్దున చూద్దాం" అని లేచారు.

"వదినగారూ, వెంటనే ఉడికించమంది కదండీ ఆవిడ?" అంది మా ఇల్లాలు.

"నీ మొహం. రాత్రంతా నానకుండా ఏ పిండి పొంగిందే మన కొంపలో? వాళ్ళది చలిదేశం, ఎంతసేపు ఉంచినా పొంగదు. అందుకని తొందరపడతారు. మనకేం ఖర్మ?"

శాసనం జారీ అయింది. పిండి నానింది.

పొద్దున్నే వంటింట్లోంచి మా ఇల్లాలి కేక వినబడింది. వెళ్ళి చూస్తే మూత ఒక పక్కకు ఒరిగి ఉంది. పిండి గిన్నె దాటి, గట్టు దాటి, గోడవారగా ప్రవహిస్తోంది. బెల్లం, పెరుగు, ఖర్జూరం, యానాం ఉక్కపోత నాలుగూ ఏకమై రాత్రికి రాత్రి విప్లవం లేవదీశాయి. వంటిల్లంతా పుల్లటి వాసన. కిటికీలోంచి తొంగిచూసిన పక్కింటామె గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యయ్యో అమ్మగారూ! పాడైపోయిందండి. సోడా బలమంతా రాత్రే చచ్చిపోయుంటది. పారబోసేయండి. ఇంకోటి కలుపుదాం."

అక్కగారు గట్టు మీద పారుతున్న పిండిని చూశారు, తన చేతులు చూసుకున్నారు. "నాలుకే కాదు, చెయ్యి కూడా పోయిందన్నమాట" అని గోడ పట్టుకుని మంచం వైపు తిరిగారు.

ఆ నాలుగడుగులూ వేసి ఆవిడ పడుకుంటే మళ్ళీ లేవరని నాకు తోచింది. అప్పుడు మా ఇల్లాలు, వదినగారి ముందు ఏనాడూ గొంతు పెంచని మనిషి, దారికడ్డంగా నిలబడింది.

"పడుకోవడం తరువాత. ఇంత పిండి పొంగించి నా నెత్తిన పడేసి వెళ్ళిపోతానంటే ఎలాగండీ? నాకు వాసెన కట్టడం రాదు. కట్టి పొండి."

అక్కగారు నిలబడి ఆమెకేసి చూశారు. "రాదూ? ఇన్నేళ్ళు ఏం నేర్చుకున్నావే నా దగ్గర?"

"మీరు నేర్పలేదు."

"నేర్పలేదట! విన్నావుట్రా?" అంటూనే వెనక్కి తిరిగారు. అటక మీది ఇత్తడి గుండిగ నా చేత దింపించారు. నీళ్ళు పోయించి, తడిపిన పంచెముక్క దాని మూతికి పరిచి, నవారు చుట్టి, పంటి బిగువున ముడి వేశారు. వేలితో మీటి చూస్తే గుడ్డ మృదంగంలా పలికింది. మూటకు నిలవనంత పలచనై నురగలు కక్కుతున్న ఆ పిండిని దాని మీద పోసి, మూత బోర్లించి, బరువుకు పొత్రం పెట్టారు. చెయ్యి వణికిందో లేదో నేను చూడలేదు. చూడవలసిన అవసరం కనబడలేదు.

కాసేపటికి పుల్లటి వాసన తగ్గి, బెల్లమూ దబ్బతొక్కా కలిసిన పరిమళం ఇల్లంతా కమ్మింది. మూత తీస్తే గుండిగ మూతి మీద గోధుమవన్నె చంద్రబింబం. సీమ వంటకమంత ఉబ్బలేదు. మన కుడుమంత తెల్లగానూ లేదు.

ఇప్పుడొక ధర్మసందేహం తలెత్తింది.

"ఒరేయ్, ఇది దేవుడికి పెట్టొచ్చా?"

"పిండీ బెల్లమూ కలిపి వండిన భక్ష్యాన్ని అపూపమంటారు అక్కా. వేదకాలంనుంచీ దేవతలు ఇష్టంగా తింటున్నదే."

"నువ్వు చెప్పావు గనక పెడతాను. పాపం ఉంటే అది నీది."

నివేదన అయింది. ఒక ముక్క కోసి, మీద చిక్కటి పాలు పోసి మా ఇల్లాలు చేతికిచ్చింది. కిటికీ అవతల పక్కింటామె, ఇవతల మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. అక్కగారు చిన్న తుంపు నోట్లో వేసుకున్నారు. దవడ కదలడం ఆగింది.

"పుల్లగా ఉందిరా" అన్నారు.

మా ఇల్లాలి మొహం పాలిపోయింది.

"పుల్లగా..." అని ఇంకో తుంపు తీసుకున్నారు. "వెనకాల తీపి. అదుగో, దబ్బతొక్క చేదు తగిలింది. శొంఠి కూడా తెలుస్తోందే! నాలుక మీద సున్నం కొట్టినట్టుండేది, ఎవరో గీకేసినట్టయింది."

మాట్లాడితే ఆగిపోతారేమోనని మాకు భయం. ముక్క అయిపోయింది. చేయి చాపారు. రెండో ముక్క కూడా అయిపోయింది. అప్పుడు అడ్డుపడి నీళ్ళిచ్చాం.

పక్కింటామెకు ఆకులో పెట్టి కిటికీలోంచి అందించాం. ఆమె నమిలి, కళ్ళు మూసుకుని ఆలోచించి, తన అభిప్రాయం చెప్పింది.

"మా దొరసానిగారి దగ్గర ఇది సేసుంటే నన్ను ఆ పూటే పన్లోంచి పీకేసేవోరండి. ఇంకొంచెం పెట్టండమ్మగారూ."

సాయంత్రం వైద్యుడు వచ్చేసరికి అక్కగారు కూర్చునే ఉన్నారు.

"ఏం తిన్నారండీ ఇవాళ?"

"సీమకుడుము. పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి."

అతడు కలవరపడి నా వైపు చూశాడు. జ్వరం మళ్ళీ తలకెక్కిందనుకున్నాడు కాబోలు. నేను జరిగినదంతా చెప్పాను. పులిసిన ఆ పిండి పులుపుకే నాలుక లేచిందన్న ఘట్టం దగ్గర అతడు చెయ్యెత్తి ఆపాడు.

"అంటే ఇన్నాళ్ళూ ఆవిడకి పులుపే పెట్టలేదా మాస్టారూ?"

"పథ్యం కదా నాయనా."

"పథ్యమని ఎవరు చెప్పారండీ? నేను చెప్పలేదే! చింతపండు చారు, నిమ్మకాయ, ఉసిరికాయ, నోటికి ఏది తగిలితే అది పెట్టమనేవాణ్ణి కదా అడిగితే!"

మా ఇల్లాలు నన్ను చూసింది. నేను అటక మీది చింతపండు డబ్బాను చూశాను. పులుపు రుచిని పుట్టిస్తుందని షడ్రసాల పాఠంలో చెప్పినవాణ్ణి నేనే. అక్కగారు మాత్రం హాయిగా నవ్వుతున్నారు.

"ఈ ఇంట్లో నీకంటే పెద్ద వైద్యులున్నార్లే బాబూ. కాకినాడ వెళ్ళాలా మరి?"

"దేనికండీ? రెండు వారాల్లో మీరే మా ఇంటికొచ్చి మా ఆవిడకి ఆ కుడుము నేర్పుదురుగాని."

అతణ్ణి వీధిదాకా సాగనంపి నేను లోపలికి వచ్చేసరికి వాన వెలిసింది. అక్కగారు వంటింటివైపు కేక వేశారు.

"ఏమే, రాత్రికేం చేస్తున్నావు?"

ఆ ప్రశ్న ఆవిడ నోట విని ఎన్నాళ్ళయిందో. మా ఇల్లాలు గుమ్మంలోకి వచ్చి జంకుతూ చెప్పింది.

"బియ్యపు రవ్వ జావండీ..."

"ఆ జావ నీ మొగుడికి పొయ్యి. నాకు వేడన్నం, గోంగూర పచ్చడి. నెయ్యి కాస్త ఎక్కువే వెయ్యి."

"అలాగేనండీ" అన్న మాట పెరటి తలుపు అవతలినుంచి వినబడింది. ఆమె అప్పటికే తడిసిన గోంగూర మడి దగ్గరికి చేరిపోయింది.